సగం తెలిసిన జవాబు

తెలంగాణ ఎప్‌సెట్‌లో ఇంజనీరింగ్ విద్యార్థికి 160 ప్రశ్నలు ఇస్తారు. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ప్రశ్నకు ఒక మార్కు, నాలుగు ఆప్షన్లు. తప్పు పెడితే కోత లేదు. ర్యాంకు రావాలంటే మొత్తం మార్కుల్లో 25 శాతం, అంటే 40 తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ కనీస మార్కు నిబంధన లేదు. మరి ఒక్క ప్రశ్న కూడా చదవకుండా 160కీ ఏదో ఒకటి నొక్కేసి వచ్చిన విద్యార్థికి సగటున ఎన్ని మార్కులు రావాలి? నాలుగు ఆప్షన్లలో ఒకటే సరైనది కాబట్టి 160లో నాలుగో వంతు. సరిగ్గా 40.

కోదాడ ఎప్‌సెట్ పరీక్షా కేంద్రాల్లో ఒకటి. అక్కడ ఓ వంద మంది ఇలా గుడ్డిగా నొక్కారనుకుందాం. సంభావ్యత లెక్క ప్రకారం వాళ్లలో దాదాపు 53 మందికి 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తాయి. అందరికీ 40 రాదు. ఒకరికి 35 వస్తే మరొకరికి 46 వస్తుంది. ఈ చెదురు ఎంత ఉంటుందో కొలిచే సంఖ్యను ప్రామాణిక విచలనం అంటారు. ఇక్కడ అది ఐదున్నర మార్కులు. కాబట్టి నూటికి 94 మంది 30కీ 50కీ మధ్యే ఉంటారు. గుడ్డిగా నొక్కి 60 దాటడం పదివేల మందిలో ఇద్దరికి దక్కే అదృష్టం.

ఈ లెక్క రెండు సంగతులు చెబుతుంది. మొదటిది, కోత లేని పరీక్షలో ఖాళీగా వదిలిన ప్రతి ప్రశ్నా చేజేతులా పారేసుకున్న పావు మార్కు. రెండోది, అదృష్టం మోయగలిగిన బరువు చాలా తక్కువ. 80 ప్రశ్నలు తెలిసి మిగతా 80 గుడ్డిగా పెట్టిన అమ్మాయికి సగటున 100 వస్తాయి. 60 మాత్రమే తెలిసి మిగతా 100 గుడ్డిగా పెట్టిన అబ్బాయికి 85 వస్తాయి. అదృష్టం కలిసొచ్చి అబ్బాయి అమ్మాయిని దాటడం వెయ్యిసార్లలో నాలుగైదుసార్లకు మించి జరగదు. ఇరవై ప్రశ్నల చదువును ఏ లక్కూ పూడ్చలేదు. ఊహించడం గురించి ఇంత రాయబోతున్నాను కాబట్టి ఈ మాట ముందే చెప్పుకోవడం న్యాయం.

అయినా ఈ అధ్యాయం ఎందుకంటే, పరీక్షలో గుడ్డిగా పెట్టాల్సిన ప్రశ్నలు నిజానికి చాలా తక్కువ. సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో ఇంటర్ పిల్లల్ని కదిపితే తమకు రాని ప్రశ్నలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. "అది రాదు సార్, వదిలేసిన" అంటారు. ఆ ప్రశ్ననే ముందు పెట్టి, ఈ నాలుగింట్లో కచ్చితంగా కానిది ఏదో చెప్పమనండి. చాలాసార్లు ఒకటి తీసేస్తారు, ఒక్కోసారి రెండు. కారణం కూడా సరిగ్గానే చెబుతారు. అంటే ఆ ప్రశ్న వాళ్లకు పూర్తిగా రాదని కాదు, సగం వచ్చు. ఆ సగానికి కూడా మార్కులున్నాయి. అవి ఎన్నో లెక్కగట్టడమే ఇక్కడి పని.

ఒక విద్యార్థినికి ఎప్‌సెట్‌లో 70 ప్రశ్నలు నికరంగా వచ్చు. ఇంకో 40 ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్లు తీసేయగలదు. 30 ప్రశ్నల్లో ఒక్కొక్కటి తీసేయగలదు. మిగిలిన 20 ప్రశ్నల గురించి ఏమీ తెలియదు. వచ్చినవాటితో ఆగిపోతే 70 మార్కులు. ఆగకపోతే, రెండింట్లో ఒకటి ఎంచుకున్న 40 ప్రశ్నల నుంచి సగటున 20, మూడింట్లో ఒకటి ఎంచుకున్న 30 నుంచి 10, గుడ్డిగా పెట్టిన 20 నుంచి 5 వస్తాయి. మొత్తం 105. ఒకే బుర్ర, ఒకే చదువు, ఒకే ప్రశ్నపత్రం. తేడా 35 మార్కులు. ఆ మిగిలిన 90 ప్రశ్నల్నీ ఏమీ తీసివేయకుండా గుడ్డిగా పెట్టేసి ఉంటే 22 దాకా వచ్చేవి. తక్కిన పన్నెండు, పదమూడు మార్కులు అచ్చంగా ఆమె సగం చదువుకు దక్కిన కూలి.

నాలుగు ఆప్షన్ల చరిత్ర

ఈ పద్ధతి పుట్టి వందేళ్లు దాటింది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ కెల్లీ అనే విద్యావేత్త 1914-15లో పిల్లల చదివే శక్తిని కొలవడానికి ఒక పరీక్ష తయారుచేశాడు. ఒకే జవాబుపత్రానికి ఒక్కో ఉపాధ్యాయుడు ఒక్కో మార్కు వేయడం ఆయన్ని కలవరపెట్టింది. జవాబు రాయించే బదులు, ఇచ్చినవాటిలోంచి ఎంచుకోమంటే దిద్దేవారి ఇష్టాయిష్టాలకు తావుండదని ఆలోచించాడు. 1938లో ఐబీఎం సంస్థ 805 అనే యంత్రాన్ని తెచ్చింది. పెన్సిల్ గీతలోని గ్రాఫైట్ గుండా విద్యుత్తు పారుతుంది కదా, ఆ ప్రవాహాన్ని కొలిచి యంత్రమే మార్కులు వేసేది. వేల పేపర్లు ఒక్క రోజులో దిద్దడం సాధ్యమయ్యాక ఈ పరీక్ష ప్రపంచమంతా పాకింది.

దాంతోపాటే ఒక అనుమానం కూడా బయల్దేరింది. చదవనివాడికి కూడా పావు వంతు మార్కులు వస్తున్నాయే, దీన్ని సరిచేసేదెలా? 1920 నాటికే గణాంక నిపుణులు దీనికి ఒక సూత్రం కట్టారు. నాలుగు ఆప్షన్లుంటే తప్పుకు మూడో వంతు మార్కు కోయాలి. ఐదుంటే నాలుగో వంతు, ఆరుంటే ఐదో వంతు కోయాలి. అలా కోస్తే గుడ్డిగా పెట్టినవాడికి వచ్చిందీ పోయిందీ సమానమై సగటున సున్నా మిగులుతుంది. ఆ కోత శిక్ష కోసం పుట్టింది కాదు. గుడ్డి ఊహ వల్ల వచ్చిన అదనాన్ని చెరిపేయడం దాని పని, అంతే.

కోత లెక్క

ఈ సూత్రాన్ని మన పిల్లలు రాసే పరీక్షలకు పెట్టి చూడండి. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. అంటే కోత నాలుగో వంతు. ఆప్షన్లేమో నాలుగే. సూత్రం ప్రకారం ఆ కోత ఐదు ఆప్షన్ల పరీక్షకు సరిపోయేది. నాలుగు ఆప్షన్ల పరీక్షలో అది తక్కువ పడుతుంది. లెక్క వేస్తే, నాలుగుసార్లు గుడ్డిగా పెడితే సగటున ఒకసారి తగిలి 4 వస్తాయి, మూడుసార్లు తప్పి 3 పోతాయి. ఒకటి మిగులుతుంది. కాబట్టి ఒక్కో గుడ్డి ఊహకు సగటు రాబడి పావు మార్కు. ఒక ఆప్షన్ తీసేయగలిగితే మార్కులో మూడింట రెండు వంతులు. రెండు తీసేయగలిగితే ఒకటిన్నర మార్కు.

తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 ప్రాథమిక పరీక్షలో 200 ప్రశ్నలిచ్చి, ఐదు తప్పులకు ఒక మార్కు చొప్పున కోసింది. అది ఆరు ఆప్షన్ల పరీక్షకు సరిపడే కోత. ఆప్షన్లు నాలుగే ఉన్నప్పుడు గుడ్డి ఊహకు కూడా సగటున మార్కులో పదో వంతు వస్తుంది. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో కోత కచ్చితంగా మూడో వంతు. అక్కడ గుడ్డిగా పెడితే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్ తీసేయగలిగినా లాభమే. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలకు కోతే లేదు.

అంటే సూర్యాపేట బస్టాండులో సంచులతో కనిపించే పిల్లలు రాయబోయే ఈ పరీక్షల్లో, గుడ్డి ఊహ సగటున నష్టం తెచ్చేది ఒక్కటీ లేదు. "నెగెటివ్ ఉంది, తెలియకపోతే ముట్టుకోకు" అనే సలహా లెక్కకు నిలవదు. ఇంటింటా ఆ మాటే నడుస్తోంది కాబట్టి దీన్ని గట్టిగానే చెప్పాలి.

సగటు వేరు, ఒక్క మనిషికి ఒక్క రోజు జరిగేది వేరు. అది కూడా చూద్దాం. నీట్‌లో 20 ప్రశ్నలు పూర్తిగా గుడ్డిగా పెట్టిన వంద మందిలో 58 మంది లాభపడతారు, 19 మందికి రావడమూ పోవడమూ సరిపోతుంది, 23 మంది నష్టపోతారు. నూట పాతిక కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్‌లో పరీక్ష రాసి వచ్చిన అమ్మాయి ఆ 23 మందిలో ఒకరైతే, "ముట్టుకోకుండా ఉండాల్సింది" అని ఇంటిల్లిపాదీ అంటారు. ఆ 58 మంది ఇళ్లలో ఊహ వల్ల మార్కులు కలిశాయని ఎవరికీ గుర్తు కూడా ఉండదు. పోయింది కనిపిస్తుంది, వచ్చింది కనిపించదు. ఆ సలహా ఇంతకాలం బతికింది అందుకే.

కోత లెక్క ఎంత నిక్కచ్చిగా ఉంటుందో 2024 నీట్ ఫలితాలు దేశానికంతా చూపించాయి. జూన్ 4న ఫలితాలొచ్చినప్పుడు 67 మందికి 720కి 720 వచ్చాయి. కొందరికి 718, 719 వచ్చాయి. వెంటనే పిల్లలూ తల్లిదండ్రులూ కాగితం మీద లెక్కేశారు. అన్నీ సరైతే 720. ఒకటి వదిలేస్తే 716. ఒకటి తప్పితే 4 రాకపోగా 1 పోయి 715. మరి 718 ఎలా వస్తుంది? రానే రాదు. పరీక్ష సమయం నష్టపోయారని 1563 మందికి గ్రేస్ మార్కులు కలిపినట్టు అప్పుడు వెల్లడైంది. ఆ మార్కులు రద్దు చేసి, కోరినవారికి జూన్ 23న మళ్లీ పరీక్ష పెట్టారు.

అదే పేపర్లో పరమాణువుల మీద అడిగిన ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు రెండు ఆప్షన్లూ సరైనవేనని మొదట మార్కులిచ్చారు. పాత పాఠ్యపుస్తకంలో ఒక రకంగా, కొత్తదాంట్లో ఇంకో రకంగా ఉండటం దానికి కారణం. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు అడగ్గా ఢిల్లీ ఐఐటీ నిపుణులు పరిశీలించి ఒక్కటే సరైనదని తేల్చారు. సవరించిన ఫలితాల్లో 720 తెచ్చుకున్నవాళ్లు 17 మందే మిగిలారు. ఒక్క ప్రశ్న, ఒక్క ఆప్షన్. ఆ ఐదు మార్కుల తేడా ర్యాంకు మీద పడుతుంది. సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో 150 సీట్లతో మొదలైంది. ఆ సీట్ల కోసం పోటీపడే ఇంట్లో, వదిలేసిన ప్రశ్నకు ఎంత విలువో వేరే చెప్పనక్కర్లేదు.

బస్సు ఎంత దూరంలో ఆగుతుంది?

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఆప్షన్లు తీసేయడం ఎలా?

65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట నుంచి కోదాడ వైపు ఒక బస్సు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోంది. డ్రైవరు బ్రేకు వేశాడు. వేగం ఒకే తీరున తగ్గుతూ 10 సెకన్లలో బస్సు ఆగింది. బ్రేకు వేశాక అది ఎంత దూరం పోయింది? ఆప్షన్లు: 720 మీటర్లు, 360 మీటర్లు, 200 మీటర్లు, 100 మీటర్లు.

సూత్రం గుర్తులేదనుకోండి. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లని మాత్రం తెలుసు. బ్రేకే వేయకుండా అదే వేగంతో పోయినా పది సెకన్లలో 200 మీటర్లకు మించి పోదు. కాబట్టి 720, 360 రెండూ అసాధ్యం. బ్రేకు వేశాడు కాబట్టి 200 కూడా కాదు. మిగిలింది 100. సూత్రంతో చేసినా అదే వస్తుంది: సగటు వేగం సెకనుకు 10 మీటర్లు, పది సెకన్లకు 100 మీటర్లు. సూత్రం మరిచిన పిల్లవాడు ఇక్కడ ఊహించాడని కొందరంటారు. నేనైతే వాడు భౌతికశాస్త్రమే చేశాడంటాను.

ఇదే ప్రశ్నను పేపరు తయారుచేసిన ఉపాధ్యాయుడి వైపు నుంచి చూడండి. 200 ఎక్కడి నుంచి వచ్చింది? వేగం తగ్గుతుందన్న సంగతి మరిచినవాడి జవాబు అది. 360 ఏమిటి? కిలోమీటర్లను మీటర్లలోకి మార్చనివాడిది. 720? రెండూ మరిచినవాడిది. మంచి ప్రశ్నపత్రంలో తప్పు ఆప్షన్లు వాటంతటవి పుట్టవు. ప్రతి తప్పు ఆప్షనూ పిల్లలు మామూలుగా చేసే ఒక తప్పును ముందే ఊహించి పెట్టినది. కాబట్టి ఆప్షన్లు చదువుతూ ఇది ఏ తప్పు చేస్తే వస్తుందో అనుకోగలిగితే ఆ ఆప్షన్ అక్కడే రాలిపోతుంది.

కొన్నిసార్లు ప్రశ్న నుంచి జవాబుకు నడిచేకంటే జవాబు నుంచి ప్రశ్నకు నడవడం తేలిక. ఒక రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 9. దాన్ని తిరగేసి రాస్తే 27 పెరుగుతుంది. ఆప్షన్లు 36, 45, 54, 63. సమీకరణాలు కట్టాల్సిన పని లేదు. తిరగేస్తే పెరగాలి కాబట్టి 54, 63 పోతాయి. 45 తిరగేస్తే 54, పెరిగింది 9 మాత్రమే. 36 తిరగేస్తే 63, పెరిగింది 27. పది సెకన్ల పని. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలంటే ప్రశ్నకు 67 సెకన్లు. ఇక్కడ మిగిల్చిన 57 సెకన్లు ఇంకో ప్రశ్నకు పెట్టుబడి.

భౌతికశాస్త్రంలో ప్రమాణాలు సరిచూడటం ఇంకో ఆయుధం. కాలం అడిగితే ఆప్షన్‌లో ఉన్న గుర్తులన్నీ కలిసి సెకన్లలో తేలాలి. తేలకపోతే ఆ ఆప్షన్ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. రసాయనశాస్త్రంలో సమీకరణానికి రెండు పక్కలా పరమాణువులు లెక్కపెడితే చాలు, ఒకటో రెండో ఆప్షన్లు పోతాయి. జీవశాస్త్రంలో ఈ దారులు తక్కువ. అక్కడ చదివిందే ఆధారం. జతపరిచే ప్రశ్నల్లో మాత్రం ఒక్క జత నికరంగా తెలిస్తే సాధారణంగా రెండు ఆప్షన్లు తీసేయొచ్చు. ఎప్‌సెట్ పేపరు ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో ఉంటుంది. తెలుగు మాధ్యమం పిల్లలు సాంకేతిక పదం దగ్గర ఆగిపోతే రెండోది కూడా చదవాలి. ఒకదాంట్లో అర్థంకాని షరతు రెండోదాంట్లో తేటగా ఉండవచ్చు.

"అన్నిటికీ సి పెట్టు"

ఏమీ తీసేయలేని ప్రశ్నలు కొన్ని మిగులుతాయి. వాటికి ప్రతి హాస్టల్లోనూ ఒక మంత్రం ఉంటుంది: అన్నిటికీ సి పెట్టు, లేదా బి పెట్టు. ఇందులో కొంత నిజం ఉండేది. ఇజ్రాయెల్‌కు చెందిన మాయా బార్-హిల్లెల్, యిగాల్ అటాలి అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన పరిశీలనలో, ప్రశ్నలు తయారుచేసేవాళ్లు సరైన జవాబును చివర్లలో కాకుండా మధ్యలో దాచడానికి మొగ్గుతారని తేలింది. ఊహించేవాళ్లు కూడా మధ్యలోనే వెతుకుతారు. మన ఊరి బడిలో ఒక మాస్టారు చేత్తో రాసిన ప్రశ్నపత్రంలో ఈ మొగ్గు ఉంటే ఉండొచ్చు. ఆప్షన్ల వరుసను ముందే సరిచూసి సర్దే పరీక్షల్లో ఉండదు. అక్కడ ఏ అక్షరం పెట్టినా పావు వంతే.

అదే పరిశోధకులు ఇంకో తమాషా అయిన సంగతి గమనించారు. కొన్ని పరీక్షల్లో నాలుగు అక్షరాలకూ జవాబులు సమానంగా వచ్చేలా సర్దుతారు. అలా సర్దిన 160 ప్రశ్నల పేపర్లో మీకు 100 నికరంగా తెలుసు. వాటిలో ఎ 30, బి 22, సి 26, డి 22 వచ్చాయి. ఒక్కో అక్షరానికి 40 చొప్పున ఉండాలి కాబట్టి మిగిలిన 60 ప్రశ్నల్లో ఎ 10, బి 18, సి 14, డి 18 ఉంటాయి. ఆ అరవైకీ బి పెడితే 18 వస్తాయి. తోచింది పెడితే సగటున 15. అప్పటిదాకా తక్కువసార్లు వచ్చిన అక్షరాన్ని పట్టుకోవడం వల్ల వచ్చిన లాభం మూడు మార్కులు. సర్దని పేపర్లో ఈ లాభం ఉండదు, నష్టమూ ఉండదు. కాబట్టి ఏమీ తీసేయలేని ప్రశ్నలకు ఒకే అక్షరం పెట్టడం మంచి అలవాటు. ఇంకేం లేకపోయినా సమయం కలిసొస్తుంది.

అన్నిటికన్నా పొడవైన ఆప్షనే సరైనది, "ఎప్పుడూ", "ఎన్నడూ" అన్న మాటలున్నది తప్పు అనే చిట్కాలు అశ్రద్ధగా తయారైన పేపర్లలోనే పనిచేస్తాయి. వాటి మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఒకసారి పెట్టిన జవాబు మార్చాలా వద్దా అన్నది ఇంకో పాత తగువు. మొదట తట్టిందే సరైనదని పెద్దలంటారు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ క్రూగర్ బృందం 1561 మంది విద్యార్థుల జవాబుపత్రాల్లో చెరిపివేతలు పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించింది. మార్చినవాటిలో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు, 25 శాతం ఒప్పు నుంచి తప్పుకు, 23 శాతం ఒక తప్పు నుంచి ఇంకో తప్పుకు మారాయి. అంటే మార్చడం చెడగొట్టినదానికంటే బాగుచేసింది రెండింతలు. అయినా ఆ విద్యార్థుల్లో ఎక్కువమంది మార్చకూడదనే నమ్మారు. సరైన జవాబు మార్చి పోగొట్టుకున్న బాధ మనసులో నాటుకుపోతుంది, మార్చి బాగుపడ్డది ఇట్టే మరిచిపోతాం. కారణం కనిపించినప్పుడు మార్చండి. ఉత్త భయంతో మాత్రం వద్దు. కంప్యూటర్ పరీక్షలో మార్చుకునే వీలుంది. పెన్నుతో నింపే ఓఎంఆర్ పత్రంలో లేదు, రెండు గడులు నింపితే ఆ ప్రశ్న పోయినట్టే.

ఖాళీ వదిలేది ఎవరు?

ఈ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి ఇది. కేథరీన్ బాల్డిగా అనే ఆర్థికశాస్త్రవేత్త 2014లో ప్రచురించిన ప్రయోగంలో స్త్రీలకూ పురుషులకూ ఒకే ప్రశ్నలిచ్చింది. తప్పుకు కోత ఉన్నప్పుడు స్త్రీలు ఎక్కువ ప్రశ్నలు ఖాళీగా వదిలారు. తెలివిలో తేడా వల్ల కాదు, అంతే తెలిసిన పురుషులు ధైర్యం చేసి జవాబు పెట్టారు. కోత తీసేస్తే ఆ తేడా పోయింది. దక్షిణ అమెరికాలోని చిలీ తన జాతీయ ప్రవేశపరీక్షలో 2014 చివరి నుంచి కోత ఎత్తేసింది. దాంతో ఖాళీలు వదలడంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య ఉన్న తేడా చాలావరకు తగ్గింది.

నీట్ రాసే మన ఆడపిల్లల గురించి ఆలోచించినప్పుడు నాకు ఈ పరిశోధనలే గుర్తొస్తాయి. తప్పు చేయకూడదని, తెలియనిచోట నోరు మెదపకూడదని చిన్నప్పటి నుంచి ఎక్కువగా చెప్పేది ఎవరికో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ మాట పరీక్ష హాల్లోకి కూడా వెంట వెళ్తే, పది ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్లు తీసేయగలిగిన అమ్మాయి వాటిని వదిలేసి వస్తుంది. నీట్ లెక్కలో అది సగటున 15 మార్కులు. ఆమెకు తక్కువ తెలుసని కాదు. తెలిసిన సగాన్ని మార్కుగా మార్చుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లల సంగతీ ఇంతే. పరీక్ష నియమాల లోపలి లెక్క చెప్పే అన్నో అక్కో వాళ్లకు ఉండరు.

మరి నా ఊహ నిజంగా పావు వంతుకన్నా మెరుగేనా, లేక నన్ను నేనే మోసం చేసుకుంటున్నానా? ఇది సరైన అనుమానం. తప్పు ఆప్షన్లు పిల్లలు చేసే తప్పుల్ని ముందే ఊహించి పెట్టినవని చెప్పుకున్నాం, అంటే అవి ఎరలు. బరువైన రాయి ముందు నేలకు చేరుతుందని గట్టిగా నమ్మినవాడు ఆ ఎరకే ప్రతిసారీ చిక్కుతాడు. అలాంటి అంశంలో వాడి ఊహ పావు వంతుకన్నా హీనం. దీన్ని కనిపెట్టడానికి ఒక్కటే దారి, లెక్క రాసుకోవడం. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ధాన్యం కొనేవాళ్లు లారీ మొత్తం విప్పి చూడరు. అక్కడక్కడా గుప్పెడు తీసి, తేమ చూసి, ధర కడతారు. మోడల్ పరీక్షలు మన ఊహకు అలాంటి గుప్పిళ్లు. నికరంగా తెలియని ప్రతి ప్రశ్న పక్కనా ఒక అంకె వేయండి: రెండింట్లో ఒకటి ఎంచుకుంటే 2, మూడింట్లో ఒకటైతే 3, గుడ్డిగా అయితే 4. కీ వచ్చాక విడివిడిగా లెక్కపెట్టండి. 2 వేసిన 120 ప్రశ్నల్లో 72 సరైతే మీ తీసివేత బాగుంది. 42 మాత్రమే సరైతే ఎర ఏదో మిమ్మల్ని లాగుతోంది. ఏ పాఠంలో లాగుతోందో చూసి అక్కడ మళ్లీ చదవాలి.

అయితే 42 సరైనా అది 35 శాతం. నీట్‌లో నష్టం రాకుండా ఉండటానికి ఐదింట్లో ఒకటి, అంటే 20 శాతం సరైతే చాలు. మూడో వంతు కోత ఉన్న పరీక్షలో 25 శాతం చాలు. ఐదో వంతు కోత ఉంటే 17 శాతం చాలు. మీ గుప్పిళ్ల లెక్క ఈ గీతలకు పైన ఉన్నంతవరకూ జవాబు పెట్టడమే సరైన పని. కిందికి పోయిన పాఠాల్లో మాత్రమే ఖాళీ వదలాలి.

ఇటలీ గణితవేత్త బ్రూనో డి ఫినెట్టి 1965లో ఈ దారిలో ఇంకో అడుగు వేశాడు. విద్యార్థి ఒక్క ఆప్షన్ ఎంచుకోవడం కాకుండా, ప్రతి ఆప్షన్‌కూ ఎంత నమ్మకం ఉందో సంఖ్యలో రాయాలని, ఆ నమ్మకం ఎంత ఖచ్చితంగా ఉందో దాన్నిబట్టి మార్కులివ్వాలని ప్రతిపాదించాడు. అప్పుడు సగం జ్ఞానానికి సగం మార్కు నేరుగా దక్కుతుంది. లక్షల మంది రాసే పరీక్షల్లో ఆ పద్ధతి రాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచ గణాంకశాస్త్రాన్నే మలుపు తిప్పిన సి.ఆర్.రావు కూడా 1989 నాటి తన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' గ్రంథంలో ఇదే వైపు నడిచారు. అనిశ్చితమైన జ్ఞానం కూడా, అందులో అనిశ్చితి ఎంతో కొలవగలిగితే వాడుకోదగిన జ్ఞానమే అవుతుందని ఆయన వివరించారు. వర్షం అంచనా వేసేవారికీ, మందు పనితనం తేల్చే వైద్యులకూ పనికొచ్చే ఆ ఆలోచన పరీక్ష హాల్లో పదిహేడేళ్ల పిల్లకూ అంతే పనికొస్తుంది.

మీ ఇంట్లో గానీ, మీ వాడలో గానీ ఈ ఏడు ఎప్‌సెట్, నీట్, గ్రూప్స్ రాసే పిల్లలుంటే పరీక్ష ముందు రోజు వాళ్లతో కూర్చుని కోత ఎంతో చూసి, ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేయించండి. ఎప్‌సెట్, గ్రూప్-1 ప్రిలిమ్స్ అయితే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దని, చివరి ఐదు నిమిషాలు అందుకే ఉంచుకోవాలని చెప్పండి. ఆడపిల్లలకు ఇంకోసారి చెప్పండి.